జకర్యా ఊదిన పిలుపు

ఎలీసబెతు బతికి ఉన్నన్నాళ్ళూ జకర్యాను భోజనానికి నోటితో పిలిచింది లేదు. అన్నం వార్చి, కూర దించి, గరిటె తిరగేసి పట్టుకుని గిన్నె మూత మీద ఒక వరస వాయించేది. టంటం టటటం, టంటం టటటం. ఆ చప్పుడు చెవిన పడగానే జకర్యా ఏం చేస్తున్నా వదిలేసి లేచి చేతులు కడుక్కునేవాడు. పేపరు చదువుతుంటే సగం వాక్యంలో ఆపేవాడు. ఎవరైనా వచ్చి కూర్చుని ఉంటే వాళ్ళనీ లేపేవాడు. "లంగర్ పిలుపయింది, ఇంక కూర్చోకూడదండీ" అని కంచం ముందుకు నడిపించేవాడు.

లంగర్ అంటే పల్టన్‌లో జవాన్ల వంటశాల. అక్కడ తిండి సిద్ధమైందని పూటపూటకీ బ్యూగిల్ ఊది చెబుతారు. జకర్యా ఆ బ్యూగిల్ ఊదినవాడు. రేపల్లె దగ్గరి పల్లె నుంచి మిషన్ బోర్డింగుకు వచ్చి చదువుకుంటున్నప్పుడు, పాదిరిగారు అతని చేతికి ఒక పాత కార్నెట్ ఇచ్చి చూశారు. "వీడికి చదువు వంటబట్టలేదు గాని ఊపిరి వంటబట్టింది" అని ఆయనే సికింద్రాబాదు తీసుకొచ్చి పల్టన్ బ్యాండులో చేర్పించారు. ఇరవైనాలుగేళ్ళ తర్వాత జకర్యా హవల్దారుగా దిగిపోయాడు. ఆ ఇరవైనాలుగేళ్ళలో జెండా ఎక్కేటప్పుడు ఊదాడు, దిగేటప్పుడు ఊదాడు, జనరల్స్ వచ్చినప్పుడు ఊదాడు. అన్నిటికంటే ఎక్కువసార్లు ఊదింది మాత్రం అన్నానికి రమ్మనే పిలుపే.

పెళ్ళయిన కొత్తలో తిరుమలగిరి ఫ్యామిలీ క్వార్టర్స్‌కు వచ్చిన ఎలీసబెతు, మొదటి రోజు పొద్దుగూకే వేళ ఆ పిలుపు వింది. చేస్తున్న పని ఆపి, పమిట తలమీదికి లాక్కుని, కళ్ళు మూసుకుని, చేతులు కట్టుకుని నిలబడింది. ఊది ఇంటికి వచ్చిన జకర్యా గుమ్మంలో ఆగిపోయాడు.

"ఏం చేస్తున్నావు?"

"ష్! ప్రార్థన బూర ఊదారు కదా."

"అది ప్రార్థన కాదే పిచ్చిదానా. పప్పూ రొట్టే!"

ఆ నవ్వు ఆ పూటతో ఆగలేదు. ముప్ఫై ఏళ్ళు పైగా నడిచింది. గరిటె వాయించుడు అందులోంచి పుట్టిందే. మూత మీద వరస కొట్టి, "ప్రార్థనకు రండి హవల్దారుగారూ" అనేది. వాళ్ళకు పిల్లలు కలగలేదు. కలగలేదని ఒకరినొకరు ఏమీ అనుకోనూ లేదు. వేరే ఇంట్లో పిల్లలు చేసే సందడేదో వాళ్ళ ఇంట్లో ఆ గరిటె చేసేది.

నాలుగేళ్ళ క్రితం ఎండాకాలంలో ఎలీసబెతు పోయింది. జకర్యా క్వార్టర్స్ పక్కన ఉన్న అద్దె ఇల్లు వదిలి, కార్ఖానా బస్తీలో కాంతమణి అనే ఆవిడ ఇంటి వెనక గదిలోకి మారాడు. వండుకోవడం అతనికి కష్టం కాదు. తినడమే కష్టమయింది. ఆకలి లోపలి నుంచి పుడుతుందని అందరూ అనుకుంటారు. జకర్యాకు అది బయటి నుంచి వచ్చేది. పల్టన్‌లో బ్యూగిల్ నుంచి వచ్చేది, ఇంట్లో గరిటె నుంచి వచ్చేది. ఇప్పుడు ఏ వైపు నుంచీ రావడం లేదు. అన్నం వండి మూత పెట్టి ఊరికే కూర్చునేవాడు. ఎప్పుడో సాయంత్రం కాంతమణి వచ్చి, "సార్, తిన్నరా?" అంటే, గిన్నె వైపు చూసి, "ఆఁ, తినాలమ్మా" అనేవాడు.

తిరుమలగిరిలో వాళ్ళ చర్చికి ఒక ఆనవాయితీ ఉంది. జనవరిలో సైనిక దినం వచ్చిన వారం, సండేస్కూలు పిల్లలు దగ్గరి పల్టన్ జవాన్లను పిలిచి, జేబులకు గులాబీలు గుచ్చి, పాటలు పాడి, భోజనం పెడతారు. మధ్యలో, యుద్ధాల్లో పోయినవాళ్ళ కోసం అందరూ లేచి తలవంచి నిలబడతారు. అప్పుడు పల్టన్ నుంచి వచ్చిన కుర్రాడెవరో బ్యూగిల్ మీద అంతిమ వందనం ఊదుతాడు. సైనికుణ్ణి మట్టిలో పెట్టేటప్పుడు ఊదే వరస అది. జకర్యా ఏటా వెళ్ళేవాడు. యూనిఫారం ఉన్నవాళ్ళకు ముందు వరస కుర్చీలు. పింఛను ఉన్నవాళ్ళకు వెనక వరస. ఆ వెనక వరసలో కూర్చుని, ఊదే కుర్రాడి పెదాల వంక చూస్తూ, వాడికి ఊపిరి ఎక్కడ సరిపోలేదో, ఎక్కడ తొందరపడ్డాడో మనసులో అనుకునేవాడు. ఇంటికి వచ్చి ఎలీసబెతుకు చెప్పేవాడు. గత నాలుగేళ్ళుగా అదీ లేదు.

ఈసారి మాత్రం చర్చి సెక్రటరీ దేవసహాయం పొద్దున్నే స్కూటర్ మీద కార్ఖానా వచ్చాడు. టెలిఫోన్స్‌లో పనిచేసి రిటైరైన మనిషి. ఏ పనైనా తన మీద వేసుకుని ఇంకొకరి చేత చేయించడంలో సిద్ధహస్తుడు.

"జకర్యా బ్రదర్, కాపాడాలి. పల్టన్ బ్యాండు మొత్తం ఢిల్లీ పోయిందంట, పరేడుకి. ఒక్క బూర ఊదేవాడు మిగల్లేదు. క్యాసెట్టు పెడదామంటే సండేస్కూలు ప్రేమమణి సిస్టర్ నా మీద లేచింది. 'చనిపోయినవాళ్ళకి టేప్ రికార్డర్ పెడతారా? రేపు మీకూ అదే పెట్టమంటారా?' అంటోంది."

జకర్యా నవ్వబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "నా పళ్ళు చూశారా దేవసహాయంగారూ? కట్టుడువి. పైసెట్టు మాట్లాడుతుంటేనే జారుతుంది."

"పళ్ళదేముంది బ్రదర్, ఊదేది గాలితో కదా!"

గాలితో అయితే సైకిలు పంపు కూడా ఊదుతుంది. బ్యూగిల్‌కు మీటలుండవు, రంధ్రాలుండవు. ఉన్న అయిదు స్వరాలూ పెదాలు బిగించడంలోంచే రావాలి. పెదాలు బిగియాలంటే వెనక పళ్ళు గోడలా నిలబడాలి. గోడే కదిలితే పందిరి ఎక్కడ నిలుస్తుంది? అంతిమ వందనంలో ఒక చోట స్వరం పైకెక్కి, అక్కడ నిలిచి, సన్నగిల్లి, గాలిలో కలిసిపోవాలి. ఆ పై స్వరమే ఆ వరసకు ప్రాణం. అక్కడ బూర బెసికితే పోయినవాళ్ళకు అవమానం. ఇదంతా జకర్యాకు తెలుసు. అయినా దేవసహాయం స్కూటర్ స్టార్ట్ చేస్తుండగా, "సరే, ఊదుతాను" అన్నాడు. తన ఊపిరి కోసం ఇంకొక మనిషి ఎదురుచూడడం, పల్టన్ నుంచి దిగిపోయిన ఇరవయ్యెనిమిదేళ్ళలో ఇదే మొదటిసారి. ఆ ఒక్క స్వరం దక్కితే చాలు, ఇంక ఈ జన్మకు బూర ముట్టుకోకపోయినా ఫరవాలేదనిపించింది.

దిగిపోయిన రోజు బ్యాండువాళ్ళు ఇచ్చిన పాత బ్యూగిల్ ట్రంకుపెట్టె కింద నలిగి సొట్టలు పడి ఉంది. దాన్ని గుడ్డలో చుట్టుకుని రెజిమెంటల్ బజార్ వెళ్ళాడు. అక్కడ బ్రహ్మచారి అనే అతను ఇత్తడి సామాన్లకు మాట్లు వేస్తాడు. గుడ్డ విప్పి చూసి నాలుక చప్పరించాడు.

"ఏంది సార్ గిది, లారీ కింద పడ్డదా?"

"ట్రంకుపెట్టె కింద."

"దీనికి మీటలు గిట్ల ఏం లేవు. మరి సరిగమలు యాడికెల్లి వస్తయి?"

"పెదాల్లోంచి రావాలి."

"గట్లయితే సొట్టలు తీయాల్సింది దీనికి కాదు సార్, నీ మూతికి!"

కొట్లో పనిచేసేవాళ్ళంతా నవ్వారు. జకర్యా కూడా నవ్వాడు. బ్రహ్మచారి కొయ్యసుత్తితో మెల్లగా, పసిబిడ్డ వీపు తట్టినట్టు తట్టి సొట్టలు తీసి, చింతపండుతో తోమించి ఇచ్చాడు. "జెర ఊదు సార్, ఇందాం" అన్నాడు. జకర్యా ఊదాడు. సగం గాలి, సగం ఉమ్మి, మధ్యలో ఎక్కడో ఒక మూలుగు.

"మా బర్రె ఈనేటప్పుడు గిట్లనే అంటది" అన్నాడు బ్రహ్మచారి. తర్వాత అతని మొహం చూసి, "పరేషాన్ గాకు సార్. నాలుగు దినాలు తోముతే ఇత్తడే మెరుస్తది, నువ్వు మెరవవా?" అన్నాడు.

మందుల షాపులో పళ్ళసెట్టు అంటుకునే పేస్టు దొరికింది. మధ్యాహ్నాలు పరేడ్ గ్రౌండ్స్ గోడవారకు పోయి, అటూ ఇటూ చూసి, ఊదడం మొదలుపెట్టాడు. కింది స్వరాలు రెండు రోజులకే దారికొచ్చాయి. పైది ఒకసారి పలికితే రెండుసార్లు పగిలేది. పగిలినప్పుడల్లా గోడమీది కాకులు లేచి మళ్ళీ వాలేవి.

పిల్లలకు ఎప్పుడు తలలు వంచాలో తెలియాలని ప్రేమమణి టీచర్ అతన్ని రిహార్సల్‌కు రమ్మంది. సండేస్కూలు నడిపేది ఆవిడే. గొంతు పెద్దది, మనసు ఇంకా పెద్దది. "పిల్లలూ, ఈ తాతగారు ఒకప్పుడు సైన్యంలో ఉన్నారు. ఏమైనా అడగాలంటే అడగండి" అంది.

ముందు వరసలోంచి రెండు జడల ఎమిలీ చెయ్యెత్తింది. "తాతా, మీరు యుద్ధంలో ఎంతమందిని కాల్చారు?"

"ఎవర్నీ కాల్చలేదమ్మా."

"ఒక్కర్ని కూడానా?"

"యుద్ధం వస్తే బ్యాండువాళ్ళ బూరలు పెట్టెల్లో పెట్టించి, చేతికి స్ట్రెచర్లు ఇస్తారు. దెబ్బ తగిలినవాళ్ళను మోసుకొచ్చేవాళ్ళం."

"వాళ్ళు బతికారా?"

"కొంతమంది."

ఎమిలీ కాసేపు ఆలోచించి ప్రేమమణి వైపు తిరిగింది. "టీచర్, మరి ఈ తాతకు గులాబీ ఇవ్వాలా, ఇవ్వక్కర్లేదా?"

"పూలు లెక్కపెట్టి తెస్తున్నారమ్మా, యూనిఫారంలో వచ్చేవాళ్ళకే. తాతగారేమీ అనుకోరు. ఏమండీ?"

"ఏమనుకుంటాను టీచర్" అన్నాడు జకర్యా.

ఆ శనివారం సాయంత్రం అతను కోటు తొడుక్కుని మెడల్స్ పెట్టుకున్నాడు. ఎలీసబెతు ఉన్నప్పుడు రెండడుగులు వెనక్కి నిలబడి చూసి వంకర సరిచేసేది. ఇప్పుడు అద్దంలో కుడి ఎడమలు తికమకయ్యాయి. ఎటు వంగాయో తెలియక అలాగే వెళ్ళిపోయాడు.

చర్చి ఆవరణలో షామియానా వేశారు. జవాన్లు ట్రక్కు దిగి, బూట్ల చప్పుడు తగ్గించుకుంటూ వచ్చి ముందు వరసల్లో కూర్చున్నారు. ఎక్కడెక్కడి వాళ్ళో. వాళ్ళ వెంట వచ్చిన సుబేదారు సన్యాసిరాజు మాత్రం తెలుగువాడే, విజయనగరం వైపు మనిషి, బుర్రమీసాలవాడు. పిల్లలు గులాబీలు గుచ్చుతుంటే, తుపాకులకు బెదరని వాళ్ళు గుండుసూదులకు బెదిరి రొమ్ములు లోపలికి లాక్కుంటున్నారు. ఎమిలీ తన వంతు పూలు పంచి, చివర్లో ఒకటి పట్టుకుని వెనక వరసకు వచ్చింది. రెండు రేకులు రాలిపోయి ఉంది.

"ఒక అంకుల్ రాలేదు తాతా, జ్వరమంట. ఆయనది మీకు పెట్టమన్నారు టీచర్."

జకర్యా వంగాడు. ఆ పిల్ల మెడల్స్ పక్కన పువ్వు గుచ్చి, చటుక్కున సెల్యూట్ కొట్టి పరిగెత్తింది. రాని మనిషి పువ్వయినా పువ్వే.

పాటలయ్యాయి. పొద్దుగూకింది. ఆవరణ వెనక రాళ్ళపొయ్యిల మీద పెద్ద దేగిసాల్లో పలావు ఉడుకుతోంది. వేగిన ఉల్లిపాయల వాసన షామియానా కిందికి వచ్చి అందరి మధ్యా తిరుగుతోంది. దేవసహాయం మైకులో, "ఇప్పుడు మన అమరవీరుల కొరకు రెండు నిమిషాలు మౌనం. తదుపరి హవల్దార్ జకర్యాగారు అంతిమ వందనం సమర్పిస్తారు. తదుపరి మన ముఖ్య అతిథిగారి సందేశం. తదుపరి భోజనాలు" అన్నాడు. అందరూ లేచారు. జవాన్లు అటెన్షన్‌లో నిలబడ్డారు.

జకర్యా ముందుకు నడిచి బ్యూగిల్ ఎత్తాడు. నాలుకతో పైసెట్టు నొక్కి చూసుకున్నాడు. గట్టిగానే ఉంది. ఆ పై స్వరం ఒక్కటి, ప్రభువా, అనుకున్నాడు. మౌనం ముగిసిన సైగ కనబడింది. గుండెల నిండా గాలి పీల్చాడు. గాలితోపాటు పలావు వాసనా లోపలికి పోయింది.

ఉన్న స్వరాలు అయిదే గనక బ్యూగిల్ వరసలన్నీ ఒకదానికొకటి దాయాదులు. కొన్నిటికి మొదటి రెండు మెట్లు ఒకటే. ఆ రెండు మెట్లూ నిండుగా, గుండ్రంగా వచ్చాయి. మూడో మెట్టు దగ్గర దారి చీలుతుంది. బండివాడు కునుకు తీస్తే ఎద్దులు అలవాటైన దారే పట్టినట్టు, ఆ చీకటిపడే వేళ, ఆ వాసనలో, జకర్యా పెదాలు వాటికి తెలిసిన దారినే పోయాయి.

టంటం టటటం. టంటం టటటం.

ఊదుతున్నది ఏమిటో తన చెవులకు చేరేసరికి సగం అయిపోయింది. అయినా ఆపలేదు. పిలుపు ఏదైనా సరే, మొదలుపెట్టాక మధ్యలో ఆపడం బ్యూగిలర్‌కు మహాపాపం. ఆ పాపం ఇరవైనాలుగేళ్ళలో ఒక్కసారి చేయలేదు. పైగా ఆ వరసలో పై స్వరమే లేదు. పళ్ళు కదల్లేదు, గాలి తగ్గలేదు. వయసులో ఉన్నప్పుడు కూడా అంత శుభ్రంగా ఊదాడో లేదో. చచ్చిపోయిన వీరుల కోసం తలలు వంచి నిలబడ్డ ఆ జనం మధ్య, హవల్దార్ జకర్యా, పప్పూ రొట్టే సిద్ధం, కంచాలు పట్టుకు రండి అని, కంచుగంటలా ఊది ముగించాడు.

బూర దించి చూశాడు. పాదిరిగారు కళ్ళు మూసుకుని ఉన్నారు. ప్రేమమణి కొంగుతో కళ్ళు తుడుచుకుంటోంది. ఆడవాళ్ళు పమిటలు తలలమీదికి లాక్కుని, చేతులు కట్టుకుని ఉన్నారు. పిల్లలు గుండెలమీద చేతులు పెట్టుకుని ఉన్నారు. అంతా అచ్చం ఎలీసబెతు మొదటి రోజు నిలబడ్డట్టే.

జవాన్లు మాత్రం అటెన్షన్‌లో బిగుసుకుపోయి, బుగ్గలు లోపలి నుంచి కొరుక్కుంటున్నారు. ఒకడి గొంతుముడి పైకీ కిందికీ ఆడుతోంది. చివర నిలబడ్డ సిక్కు సర్దారు కళ్ళల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. అవి ఏ నీళ్ళో జకర్యాకు తెలుసు. సుబేదారు మీసాల కొనలు అదురుతున్నాయి. అయినా ఒక్క కాలు కదలలేదు.

దేవసహాయం మైకు దగ్గరికి వచ్చాడు. "ఇప్పుడు ముఖ్య అతిథిగారు..."

సన్యాసిరాజు ఒక్క అడుగు ముందుకు వేసి సెల్యూట్ చేశాడు. "అయ్యా, చిన్న మనవండి. ఆ కాల్ ఊదీసినాక మావోళ్ళు నిలబడి ఉపన్యాసం ఇనకూడదండి. రూలు. సీదా లంగర్‌కే ఎల్లాల."

దేవసహాయం మొహం గంభీరమైంది. మైకులో అన్నాడు: "చూశారా, అమరులకు వందనం చేశాక ఇక మాటలు ఉండకూడదట. ఎంత క్రమశిక్షణ! మనం కూడా అలాగే మౌనంగా భోజనాలకు కదులుదాం."

ముఖ్య అతిథి జేబులోంచి తీసిన కాగితాలు మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. జవాన్లు ఎడమవైపు తిరిగి, వరసగా, పలావు దేగిసాల వైపు నడిచారు. వాళ్ళ వెనక పిల్లలు, పిల్లల వెనక పెద్దలు. తను ఊదగానే మనుషులు అన్నం వైపు నడవడం జకర్యా చాలా ఏళ్ళ తర్వాత చూశాడు. బూర చంకలో పెట్టుకుని, అక్కడే నిలబడి, చివరి మనిషి వరసలో కలిసేదాకా చూశాడు.

సన్యాసిరాజే రెండు కంచాలు పట్టుకుని వచ్చి పక్క కుర్చీలో కూర్చున్నాడు.

"తినండి హవల్దార్ సాబ్. కుర్రోళ్ళు నవ్వాపుకోనేక సచ్చిపోనారండి. ఆ సర్దారుకి రేపు ఎక్‌స్ట్రా డ్రిల్లు రాసేస్తాను."

"నా పరువు పోయింది సాబ్. పోయినవాళ్ళకు..." జకర్యా కంచం ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏటి పోనాది? ఎవులికి తెలుసు? మాకూ మీకూ తప్ప!" సన్యాసిరాజు ఒక ముద్ద తిని, మీసాలు తుడుచుకుని, గొంతు తగ్గించాడు. "ఒక మాట చెప్తానినండి. మావైపు పోయినోళ్ళకి అన్నం ఒండి, ఇస్తరేసి, బయట పెట్టి పిలుస్తాం. కాకి ముట్టిందాకా ఎవులూ మెతుకు ముట్టరు. మీరు బూరూది పిలిచినారు. అంతే గదా! ఆకలితో పోనోళ్ళు మాలో ఎంతమంది నేరు?"

"మాకు అలాంటివి లేవు సాబ్. పోయినవాళ్ళకు అన్నపానాలతో పని లేదంటారు మా పాదిరిగారు."

"నేకపోతే నేదండి. బూరైతే ఉన్నాది గదా."

జకర్యా కంచంలోకి చూశాడు. ఆకలేస్తోంది. నిజంగానే, కడుపులోంచి, పాతరోజుల్లోలా. నాలుగు ముద్దలు గబగబా తిన్నాడు. ఉన్నట్టుండి ఎలీసబెతు మొదటి రోజు సంగతి ఈ మనిషికి చెప్పాలనిపించింది. పమిట, ప్రార్థన బూర, పప్పూ రొట్టే, గరిటె, అన్నీ. ఈ ఊళ్ళో అది విని నవ్వగలిగినవాడు ఇతనొక్కడే.

"సాబ్, మా ఆవిడ కొత్తగా క్వార్టర్స్‌కు వచ్చినప్పుడు..."

ట్రక్కు హారన్ మోగింది. సన్యాసిరాజు కంచం కింద పెట్టి లేచాడు. "రోల్ కాల్ టైమైపోనాదండి. వచ్చే నెల మా పల్టన్ పైకెళ్ళిపోతాది, బోర్డర్‌కి. బతికుంటే మళ్ళా మీ కాల్ ఇంటాను." అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ చేశాడు. జకర్యా లేచి చెయ్యెత్తేలోపు వెళ్ళిపోయాడు. ట్రక్కు గేటు దాటేటప్పుడు వెనక కూర్చున్న కుర్రాళ్ళలో ఎవరో నోటితో ఆ వరస అందుకున్నారు. టంటం టటటం. పెద్ద నవ్వు లేచింది. అందులో ఎగతాళి లేదు. తర్వాత రోడ్డు మీద లారీల చప్పుడులో అది కలిసిపోయింది.

షామియానా విప్పుతున్నారు. దేవసహాయం వచ్చి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"బ్రదర్, నా జన్మలో ఇంత హృదయవిదారకంగా ఎవరూ ఊదలేదు. పాదిరిగారు కూడా అన్నారు. వచ్చే ఏడు పల్టన్ బ్యాండు లేదు, గిండు లేదు. మీరే. ఇదే వరస."

"ఇదే వరసా?"

"మార్చారంటే ఒప్పుకోను."

జకర్యాకు నవ్వు పొంగుకొచ్చింది. నవ్వితే చెప్పాలి. చెబితే ఈ మనిషి మొహం మాడిపోతుంది, ప్రేమమణి కళ్ళు తుడుచుకున్న కొంగు బరువైపోతుంది. నవ్వును నోట్లోనే, పళ్ళసెట్టు వెనక అదిమిపెట్టాడు. "అలాగేనండీ" అన్నాడు. కార్ఖానా దాకా నడుస్తూ, ఇంటికి పోగానే చెప్పాలి, ఇది విని పొట్ట పట్టుకుని నవ్వుతుంది అనుకుంటున్నాడు. సందు మలుపు తిరిగాక గాని గుర్తుకు రాలేదు, చెప్పడానికి ఎవరూ లేరని. కాళ్ళు కూడా పెదాల్లాంటివే, అలవాటైన దారే పడతాయి.

గుమ్మంలో కాంతమణి ఎదురైంది. "ఎట్లయింది సార్ ఫంక్షన్?"

"బాగా జరిగిందమ్మా."

లోపలికి పోయి, గులాబీని గ్లాసు నీళ్ళలో పెట్టి, బ్యూగిల్ గోడకు తగిలించాడు.

మర్నాడు ఆదివారం. చర్చి నుంచి వచ్చి జకర్యా అన్నం పెట్టాడు. వంకాయ కూర చేశాడు. గులాబీ కిటికీలో గ్లాసు నీళ్ళలో ఉంది. ఇంకో రేకు రాలింది. అన్నం వార్చి మూత పెట్టి ఎప్పటిలా మంచం మీద కూర్చున్నాడు. కాసేపు గోడకు తగిలించిన బ్యూగిల్ వంక చూశాడు, కాసేపు గిన్నె వంక చూశాడు. పోయినవాళ్ళకు అన్నపానాలతో పని లేదు. అది నిజమే అయి ఉంటుంది. కాని పిలవడానికి వంట ఉండాలి, ఊపిరి ఉండాలి. రెండూ ఉన్నాయి.

లేచి గరిటె తిరగేసి పట్టుకున్నాడు. తలుపు దగ్గరగా వేయబోయి, వద్దనుకుని వదిలేశాడు. మూత మీద మెల్లగా మొదలుపెట్టాడు. టంటం టటటం. చేతికి అలవాటు లేదు, తడబడింది. మళ్ళీ కొట్టాడు, ఈసారి కొంచెం గట్టిగా, చివరిదాకా.

గోడ అవతల నుంచి కాంతమణి కేకేసింది. "ఏం సార్, గిన్నె కొడుతున్నరు? ఎవలన్న వచ్చిన్రా?"

జకర్యా చెయ్యి ఆపి, తెరిచి ఉన్న గుమ్మం వైపు ఒకసారి చూశాడు.

"ఎవరూ రాలేదమ్మా" అన్నాడు.

చేతులు కడుక్కుని, అన్నం వడ్డించుకుని, వేడివేడిగా తిన్నాడు.